రేవులు ఒకరికి, లోపలి ఊళ్ళు ఒకరికి

తెలుగునాట బొబ్బిలి కథ వినని ఊరు లేదు. దిట్టకవి నారాయణకవి దాన్ని ‘రంగరాయ చరిత్ర’ పేరుతో కావ్యం చేశాడు. పెద్దాడ మల్లేశం కథగా అది జంగాల నోట ఊరూరా తిరిగింది. నాటకమైంది. 1964లో ఒకసారి, 1986లో ఒకసారి సినిమా అయింది. ఇన్ని రూపాల్లోనూ కథ ఒకచోటికి వచ్చి ఆగిపోతుంది. కోట కూలిన తరవాత తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు డేరాలో దూరి అతన్ని పొడిచి చంపుతాడు. పగ తీరుతుంది, పాట అయిపోతుంది. వెలమల పౌరుషం గొప్పదా, రాజుల పంతం గొప్పదా అనే వాదన మాత్రం అయిపోలేదు.

ఆ రాత్రి అదే దండులో మకాం చేసి ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ మర్నాడు ఏం చేశాడు? అతనికి ఆ యుద్ధం ఎందుకు కావలసివచ్చింది? 1757 జనవరి 24న బొబ్బిలి కూలింది. 1759 ఏప్రిల్‌లో బందరు కోట కూలింది. ఈ రెండేళ్ళ పైచిలుకు కాలంలో తెలుగు కోస్తా యావత్తూ ఎవరి చేతికి పోవాలో తేలిపోయింది. ఆ తేలడంలో చాలా భాగం గోదావరి పాయల దగ్గర, నేటి కోనసీమ అంచుల్లో జరిగింది. బొబ్బిలికి మన సాహిత్యంలో దొరికిన చోటులో నూరోవంతు కూడా చెందుర్తికి గాని, బెండమూర్లంకకు గాని దొరకలేదు. చారిత్రక ఇతివృత్తాల మీద చెయ్యివేసే రచయితలు ఈ వెలితిని గురించి కొంచెం ఆలోచించాలని నా కోరిక.

పాత జంగంకథలను తక్కువ చేసి చూడనక్కరలేదు. వాటిలో బుస్సీ ‘మూసా బుస్సీ’గా కనిపిస్తాడు. అతని దివాను హైదరుజంగు కుట్రదారుగా కనిపిస్తాడు. ఫిరంగులు ఎవరివో, వాటిని ఎవరు తెచ్చారో పాట కట్టిన జనానికి బాగానే తెలుసు. తరవాతి పద్యనాటకాల్లోనూ వెండితెర మీదా ఆ ఎరుక పలచబడి కులప్రతిష్ఠ చిక్కబడింది. ఇది యాదృచ్ఛికం కాదు. జమీందారీల నీడన, జమీందారీల ఖర్చుతో ఎదిగిన సాహిత్యాభిరుచి జమీందార్ల తగాదానే చరిత్ర అనుకోవడంలో వింత లేదు.

ముందుగా స్థలం సంగతి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయం చీలుతుంది. గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న కొత్తపేట, అమలాపురం, రాజోలు ప్రాంతమే కోనసీమ. 1852 నాటికి గాని ఆనకట్ట పూర్తికాలేదు కాబట్టి, మనం చెప్పుకునే కాలంలో ఈ నేల వరద దయ మీద బతికే లంకల సముదాయం. అయితే సముద్రం దిక్కునుంచి చూసేవాడికి ఇక్కడ కనిపించేది వేరు. మూడు పాయలు, మూడు మొగలు. ఓడ లంగరు వేసుకుంటే చిన్న పడవలు సరుకు మోసుకురాగల మూడు దారులు. అల్లవరం దగ్గరి ఓడలరేవు పేరు వింటేనే ఆ సంగతి తెలుస్తుంది.

ఆ మూడు దారుల దగ్గరా ఇంగ్లీషు కంపెనీ మూడు ఫ్యాక్టరీలు పెట్టింది. వసిష్ఠ మీద నరసాపురం పక్కన మాదపోలెం, వైనతేయం మొగకు చేరువగా బెండమూర్లంక, గౌతమికి అవతల ఇంజరం. ఇంజరానికి కూతవేటు దూరంలో, గౌతమి నుంచి కోరంగి పాయ చీలేచోట ఫ్రెంచివారి యానాం. ఫ్రెంచివారు అక్కడికి 1723లో వచ్చి, కొన్నాళ్ళు వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చి స్థిరపడ్డారు. యానాం ఒడ్డున నిలబడితే ఎదుట కనిపించే ఎదుర్లంక కోనసీమది. డచ్చివారు పాలకొల్లులో, ద్రాక్షారామంలో, జగన్నాథపురంలో ఉన్నారు. ఫ్యాక్టరీ అనగానే నేటి విద్యార్థికి పొగగొట్టం గుర్తుకువస్తుంది. ఆనాటి ఫ్యాక్టరీ అంటే కంపెనీ గుమాస్తాలు ఉండే ఇల్లు, బట్ట నిలవచేసే కొఠారు, దాని చుట్టూ ఒక గోడ. అందులో ఏదీ తయారుకాదు. తయారయ్యేది చుట్టుపక్కల ఊళ్ళలో, సాలెల ఇళ్ళలో, దేవాంగుల ఇళ్ళలో.

ఈ సరుకు ఎంత పేరుమోసిందంటే మాదపోలెం అనే ఊరిపేరు ఐరోపా భాషల్లో ఒక రకం నూలుబట్టకు పేరయింది. కంపెనీలు దుబాసీల చేతా దళారుల చేతా నేతగాడికి ముందుగా బయానా ఇప్పించేవి. నేసిన బట్టను కొఠారులో రకాలుగా ఏరి, కడమది తోసిపుచ్చేవి. ఆ పద్ధతిలో దగా ఎంతో ఉంది. కాని ఒక వెసులుబాటు కూడా ఉంది. ఇంగ్లీషు గుమాస్తా తోసిపుచ్చిన తానును ఫ్రెంచి గుమాస్తా కొనవచ్చు, ఇద్దరూ కాదంటే డచ్చివాడు ఉన్నాడు, వీళ్ళెవరూ కాకపోతే దేశీ బేరగాళ్ళు ఉన్నారు. కొనేవాళ్ళు నలుగురు ఉన్నంతకాలం నేతగాడు నోరెత్తి ధర అడగగలిగాడు. మిగతా చరిత్రనంతా ఈ చిన్న విషయాన్ని మనసులో పెట్టుకుని చదవాలి.

ఇక రాజకీయం. 1748లో నిజాముల్ముల్కు చనిపోగానే దక్కను సుబా కోసం కొడుకు నాసర్‌జంగు, మనుమడు ముజఫర్‌జంగు తలపడ్డారు. పాండిచ్చేరిలో డూప్లే ముజఫర్‌జంగు పక్షం చేరాడు. మద్రాసులోని ఇంగ్లీషువారు అవతలి పక్షం చేరారు. 1750 డిసెంబరులో నాసర్‌జంగు హతుడయ్యాడు; రెండు నెలలు తిరగకుండా ముజఫర్‌జంగు కడప సీమలో హతుడయ్యాడు. వెంట ఉన్న బుస్సీ, దండులోనే ఖైదుగా ఉన్న మరో కొడుకు సలాబత్‌జంగును బయటికి తీసి గద్దె ఎక్కించాడు. ఆ గద్దెను కాపాడే సైన్యానికి జీతాలెవరిస్తారు? 1753 చివర కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లు నాలుగింటినీ ఆ జీతాల కింద బుస్సీ రాయించుకున్నాడు. బందరు అంతకు ముందే ఫ్రెంచివారిదయింది.

డూప్లే ఆలోచన ఒకటి ఇక్కడ గమనించదగ్గది. ఐరోపా నుంచి వెండి తెచ్చి ఇక్కడ బట్ట కొనడం వల్ల తమ దేశపు వెండి తరిగిపోతున్నదనీ, ఇక్కడే భూమిశిస్తు సంపాదించి ఆ డబ్బుతోనే ఇక్కడి సరుకు కొంటే వర్తకం నిలకడగా సాగుతుందనీ అతను 1753లో తన కంపెనీ డైరెక్టర్లకు రాశాడు. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. రైతు దగ్గర వసూలుచేసిన డబ్బుతోనే ఆ రైతు పక్కింటి సాలెవాడి బట్ట కొంటారు. ఓడలో ఎగుమతి అయిన బట్టకు బదులుగా దేశంలోకి వచ్చేది ఏమీ ఉండదు. ఈ సూత్రాన్ని కనిపెట్టినవాడు ఫ్రెంచివాడు, అమలుచేసి లాభపడినవాడు ఇంగ్లీషువాడు. మన పాఠ్యపుస్తకాలు డూప్లేని ఓడిపోయిన మేధావిగా జాలిపడి చూస్తాయి. కోనసీమ వైపు నుంచి చూస్తే జాలిపడవలసిన అవసరం కనిపించదు.

ఈ అయిదారేళ్ళూ జరిగిన యుద్ధంలో విచిత్రమేమంటే లండన్‌కూ పారిస్‌కూ మధ్య అప్పుడు యుద్ధం లేదు. 1748లో ఎక్స్‌లా షపెల్ సంధి కుదిరింది. ఆ సంధిలో ఫ్రెంచివారు పట్టుకున్న మద్రాసును ఇంగ్లీషువారికి తిరిగి ఇచ్చారు. ఇంగ్లీషువారు పట్టుకున్న లూయిబర్గ్ కోటను ఫ్రెంచివారికి తిరిగి ఇచ్చారు. లూయిబర్గ్ ఉన్నది కెనడా సముద్రతీరంలో, చేపల వేట జరిగే చలిదేశంలో. ఎక్కడి లూయిబర్గ్, ఎక్కడి మద్రాసు! మద్రాసు జనానికి లూయిబర్గ్ అంటే ఏమిటో తెలియదు, లూయిబర్గ్ జాలరులకు మద్రాసు అంటే ఏమిటో తెలియదు. తూచినవాడి త్రాసులో మాత్రం రెండూ సమానం. రాజులు సంధి చేసుకున్నారు కాబట్టి ఇక్కడి కంపెనీలు తమ పేరు మీద పోరాడటానికి వీలులేదు. అందుచేత నవాబుల పేరు మీద, సుబాదార్ల పేరు మీద పోరాడాయి. ఫిరంగి కంపెనీది, దాని మీది జెండా నవాబుది.

1754లో ఫ్రెంచి కంపెనీ డూప్లేని వెనక్కి పిలిచింది. ఖర్చు పెరిగిపోతున్నది, వాటాదార్లకు లాభం రావడంలేదు, ఇంగ్లండుతో యుద్ధం ఇప్పుడే వద్దు అని ప్రభుత్వం అనుకున్నది. ఇంగ్లీషు కంపెనీ వర్తకుల చేతిలో ఉంది, ఆ వర్తకులకు పార్లమెంటులో పలుకుబడి ఉంది. ఫ్రెంచి కంపెనీ రాచమంత్రుల చెప్పుచేతల్లో ఉంది. ఒకరి గెలుపూ మరొకరి ఓటమీ సేనానుల ప్రతిభ వల్ల కలిగాయని రాసే చరిత్రలకు ఈ తేడా కనిపించదు.

మన సర్కార్లలో ఈ మార్పుల నడుమ ఏం జరిగిందో చెప్పాలంటే జాఫర్ అలీఖాన్ సంగతి చెప్పాలి. రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్ల ఫౌజుదారు అతను. ఫ్రెంచివారికి తన అధికారం వదలడం ఇష్టంలేక విజయనగరం పూసపాటి విజయరామరాజుతో చేతులు కలిపాడు. బందరులోని ఫ్రెంచి అధికారి మొరాసిన్, చాలా తక్కువ మొత్తానికి రెండు సర్కార్ల ఇజారా ఇస్తానని విజయరామరాజుకు ఆశచూపి తనవైపు తిప్పుకున్నాడు. జాఫర్ అలీ నాగపురం మరాఠాలను పిలిచాడు. మరాఠా గుర్రపుదండు ఊళ్ళమీద పడి దోచి, దొరికింది పట్టుకుని వెళ్ళిపోయింది. ఫ్రెంచివాడు, ఫౌజుదారు, జమీందారు, మరాఠా సర్దారు: నలుగురు ఆడిన ఈ ఆటలో పందెం రైతు కళ్ళంలోని ధాన్యం.

1756లో సలాబత్‌జంగు దర్బారు బుస్సీని పొమ్మన్నది. బుస్సీ హైదరాబాదులో తిష్ఠవేసి కదలలేదు. అతన్ని వెళ్ళగొట్టడానికి సహాయం పంపమని సలాబత్‌జంగు మద్రాసు ఇంగ్లీషువారిని అడిగాడు. మద్రాసులో సైన్యం సిద్ధమవుతుండగా సిరాజుద్దౌలా కలకత్తా పట్టుకున్నాడన్న వార్త వచ్చింది. దక్కనా, బెంగాలా? మద్రాసు కౌన్సిలు బెంగాలువైపు మొగ్గింది. క్లైవు ఓడ ఎక్కాడు. హైదరాబాదుకు సహాయం రాలేదు. సలాబత్‌జంగు మళ్ళీ బుస్సీతో రాజీపడ్డాడు. ఆ ఏడాదే ఐరోపాలో ఏడేళ్ళ యుద్ధం మొదలయింది గనుక ఇక ముసుగులతో పనిలేకపోయింది.

రాజీపడిన బుస్సీ శిస్తు వసూలుకోసం 1756 చివర సర్కార్లకు వచ్చాడు. విజయరామరాజు దండుతో ఎదురువచ్చి కలిశాడు. తరవాతిది బొబ్బిలి. బుస్సీ లెక్కలో అది పగ గాని పౌరుషం గాని కాదు. సర్కార్లలో అందరికన్నా పెద్ద ఇజారాదారును మంచి చేసుకోవడానికి చెల్లించిన ధర. తన సొంత డబ్బుతో గాక బొబ్బిలి జనం ప్రాణాలతో చెల్లించాడు.

బొబ్బిలి తరవాత బుస్సీ ఉత్తరంగా గంజాం వైపు నడిచాడు. బెంగాలుకు వచ్చి ఇంగ్లీషువారి మీద తనతో కలవమని సిరాజుద్దౌలా కబురు పంపాడు. బుస్సీ వెళ్ళి ఉంటే ప్లాసీ ఎలా పరిణమించేదో అని చరిత్రకారులు ముచ్చటపడుతుంటారు. అంతలో మార్చిలో ఇంగ్లీషువారు చందర్‌నగరు పట్టుకున్నారు. బెంగాలులో ఫ్రెంచివారికి నిలబడే చోటు లేకపోయింది. చేతిలో ఉన్న నాలుగు సర్కార్లను వదిలి, లేని స్థావరం కోసం పరాయి నవాబు వెంట నడవడం దండగ అనుకున్నాడు బుస్సీ, వెనక్కి తిరిగాడు. జూన్ 23న ప్లాసీ తోటలో సిరాజుద్దౌలా ఓడిపోయాడు. రెండురోజుల తరవాత బుస్సీ విశాఖపట్నం పట్టుకున్నాడు. మాదపోలెం, బెండమూర్లంక, ఇంజరం 1757లోనే ఫ్రెంచివారి వశమయ్యాయి. వాటికి కోటలు లేవు, పోరాటం జరగలేదు.

విశాఖపట్నంలో ఇంగ్లీషువారి సొంత ఆస్తిని బుస్సీ ముట్టుకోలేదని, మర్యాదగా చూశాడని ఇంగ్లీషు చరిత్రకారులే మెచ్చుకున్నారు. జనవరిలో బొబ్బిలి, జూన్‌లో విశాఖపట్నం. సేనాని ఒకడే, ఏడాది ఒకటే. నాగరికతను గురించి పెద్ద మాటలు మాట్లాడేవాళ్ళు ఈ రెండు కోటలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

1758లో లాలీ కొత్త గవర్నరుగా పాండిచ్చేరి వచ్చాడు. అతని దృష్టిలో దక్కనూ సర్కార్లూ వృథా వ్యవహారాలు. మద్రాసు నుంచి ఇంగ్లీషువారిని తరమడమే పని. బుస్సీని వెంటనే రమ్మన్నాడు. సర్కార్లు కాన్‌ఫ్లాన్స్ అనే మరో అధికారి చేతిలోకి వచ్చాయి. చచ్చిపోయిన విజయరామరాజు స్థానంలో ఆనంద గజపతిరాజు విజయనగరం గద్దె మీద ఉన్నాడు. ఫ్రెంచివారు తనకు తగిన మన్నన ఇవ్వలేదని అతని కోపం. బుస్సీ వెళ్ళగానే ఆనంద గజపతి విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషు జెండా ఎత్తించాడు. సైన్యం పంపితే ఫ్రెంచివారిని సర్కార్ల నుంచి వెళ్ళగొడదామని మద్రాసుకు రాశాడు. లాలీ మీదికి వస్తున్నాడు, మాకే దిక్కులేదు అని మద్రాసు జవాబు. అప్పుడు కలకత్తాకు రాశాడు.

కలకత్తా కౌన్సిలు సభ్యులు ఇది సాహసమన్నారు. క్లైవు వాళ్ళ మాట కాదని సైన్యం పంపాడు. అతని లెక్క తేటగానే ఉంది. ఫ్రెంచివారి బలంలో కొంత భాగాన్ని సర్కార్లలో కట్టిపడేస్తే మద్రాసు మీద ఒత్తిడి తగ్గుతుంది. దక్కను శిస్తు పోతే ఫ్రెంచివారి జీతాలు ఆగిపోతాయి. ఖర్చేమో విజయనగరం రాజు భరిస్తానంటున్నాడు. ఫోర్డు అనే కర్నలు 500 మంది ఐరోపా సైనికులతో, 2000 మంది సిపాయిలతో అక్టోబరు 20న విశాఖపట్నంలో దిగాడు.

కశింకోట దగ్గర ఫోర్డూ రాజూ కలుసుకుని ఒడంబడిక చేసుకున్నారు. సైన్యం ఖర్చుకు రాజు నెలకు 50 వేల రూపాయలు ఇవ్వాలి; ఆఫీసర్ల బత్తాకు మరో 6 వేలు. దోపిడిసొమ్ము చెరిసగం. జయించిన దేశంలో లోపలి ప్రాంతాలు రాజుకు. విశాఖపట్నం మొదలు బందరు దాకా సముద్రపు ఒడ్డు కంపెనీకి.

ఈ చివరి షరతు దగ్గర ఆగాలి. భూస్వామికి భూమి మీద కన్ను. శిస్తు కట్టే ఊళ్ళు ఎన్ని చేతికొస్తే అంత రాజ్యం. వర్తకుడికి ఓడ మీద కన్ను. ఊళ్ళు ఎవరివైనా సరే, ఊళ్ళలో నేసిన బట్ట దాటిపోయే మొగ తనదైతే చాలు. మొగ కట్టేస్తే లోపలి ఊరు బిరడా బిగించిన సీసా. కోనసీమను తీసుకోండి. దాని దక్షిణపు అంచంతా సముద్రం. ఈ షరతు ప్రకారం బెండమూర్లంక కంపెనీది, దాని వెనక ఉన్న పచ్చని పరగణాలు రాజువి. ఆనంద గజపతి ఇది లాభసాటి బేరం అనుకుని ఉంటాడు. ఎదుటివాడి చేతిలోని త్రాసు ఎలాంటిదో అతనికి తెలియదు. నా దృష్టిలో చెందుర్తి యుద్ధం కన్నా ఈ కాగితం ముఖ్యమైనది.

చెందుర్తి పిఠాపురానికి చేరువలోని ఊరు. ఇంగ్లీషు చరిత్రల్లో దాని పేరు కాండూరు. 1758 డిసెంబరులో అక్కడ కాన్‌ఫ్లాన్స్ సుమారు 500 మంది ఫ్రెంచివారితో, 6000 మంది సిపాయిలతో, ముప్ఫై పైచిలుకు ఫిరంగులతో నిలిచాడు. బెంగాలులో కొత్తగా చేర్చుకున్న ఇంగ్లీషు సిపాయిలకు తెల్లవాళ్ళలాగే ఎర్రకోట్లు ఉన్నాయి. అసలు తెల్లదళం ఎత్తైన పైరు చాటున కనపడకుండా ఉంది. ఎర్రకోట్లు చూసి ఫ్రెంచివారు సిపాయిలనే తెల్లదళం అనుకుని వాళ్ళమీద పడ్డారు. సిపాయిలు ఆ దెబ్బ తిన్నారు, చెదిరారు. వాళ్ళను తరుముతూ వరుస తప్పిన ఫ్రెంచివారి మీద పైరు చాటు నుంచి ఫోర్డు దళం కాల్పులు మొదలుపెట్టింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రం మీద రాజమహేంద్రవరానికి పారిపోయాడు. రంగుకోటు తొడుక్కుని ఇంకొకడికి బదులు గుండు దెబ్బ తినడం ఈ యుద్ధంలో బెంగాలు సిపాయికి దక్కిన పాత్ర. ఆ చచ్చినవాడి పేరు ఏ కైఫీయతులోనూ లేదు.

గెలిచాక డబ్బు తగాదా. రాజు ఒప్పుకున్న సొమ్ము ఇవ్వలేదు. ఫోర్డు రాజమహేంద్రవరం పట్టుకుని గోదావరి దాటి కూడా డబ్బులేక కొన్ని వారాలు ఆగిపోయాడు. చివరకు విశాఖపట్నం ఇంగ్లీషు అధికారి ఆండ్రూస్ మధ్యవర్తిగా వచ్చి ఒడంబడిక తిరగరాశాడు. రాజు ఇచ్చేది అప్పుగా పరిగణిస్తారు. గోదావరికి అవతల దక్షిణాన లొంగదీసిన ప్రాంతాల శిస్తును రాజూ కంపెనీ సమానంగా పంచుకుంటారు. రెండు నెలలు తిరగకుండానే వర్తకుడు రేవు దాటి ఊళ్ళలోకి వచ్చాడు. నరసాపురంలోని ఫ్రెంచివారు ఉన్నవి వదిలి జారుకున్నారు. సైన్యం ఫిబ్రవరిలో ఏలూరు, మార్చిలో బందరు చేరింది.

బందరు ముట్టడి నాటి పరిస్థితి చూడండి. కోటలో ఫ్రెంచివారు. బయట ఫోర్డు. ఫోర్డు వెనక ఫ్రెంచివారికి సహాయంగా సుమారు 35 వేల దండుతో బెజవాడ దిక్కు నుంచి సలాబత్‌జంగు. రాజమహేంద్రవరాన్ని మరో ఫ్రెంచి దళం తిరిగి పట్టుకుంది. తెల్లసోల్జర్లు జీతాలకోసం, దోపిడి వాటాకోసం తిరగబడ్డారు. మందుగుండు రెండురోజులకు మించి లేదు. ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు కోట మీదికి లగ్గలు పట్టించాడు. తెల్లవారేసరికి కోట లొంగింది. పట్టుబడినవాళ్ళు పట్టుకున్నవాళ్ళకన్నా ఎక్కువ. కొద్దిరోజులకు ఫ్రెంచి సహాయం ఓడల మీద వచ్చి, కోట మీద పరాయి జెండా చూసి వెళ్ళిపోయింది.

సలాబత్‌జంగుకు ఇక ఏం మిగిలింది? తమ్ముడు నిజామ్ అలీ హైదరాబాదు మీదికి నడుస్తున్నాడు. నిన్నటిదాకా ఫ్రెంచివారి సహాయానికి వచ్చినవాడు మే 14న ఇంగ్లీషువారితో సంధి చేసుకున్నాడు. బందరునూ నిజాంపట్నాన్నీ వాటి పరగణాలతో సహా కంపెనీకి ఇనాముగా ఇచ్చాడు. ఫ్రెంచివారిని తన కొలువులో ఇక ఉండనివ్వనన్నాడు. ఆ సంధిలో ఆనంద గజపతిని గురించి కూడా ఒక షరతు ఉంది. అతను ఇప్పటిదాకా వసూలు చేసుకున్నదాన్ని అడగరు. ఇకముందు తన పెద్దలు కట్టినట్లే సుబాదారుకు పేష్కషు కట్టుకోవాలి. అంటే యుద్ధాన్ని పిలిచినవాడు, ఖర్చు పెట్టినవాడు మొదట ఎక్కడ ఉన్నాడో మళ్ళీ అక్కడికే వచ్చాడు. కొద్దికాలానికే అతను మరణించాడు.

1971 డిసెంబరులో ఈ సముద్రంలోకే అమెరికా ఏడవ నౌకాదళం నుంచి ‘ఎంటర్‌ప్రైజ్’ వచ్చింది, దాని వెనక సోవియట్ నౌకలు వచ్చాయి. ఆనాటి వాషింగ్టన్ త్రాసులో తూర్పు బెంగాలు ప్రజల నెత్తురుకన్నా చైనాతో కుదరబోతున్న కొత్త స్నేహం బరువుగా తూగింది. తూచే పద్ధతి పాతదే. ఒక తేడాను మాత్రం విస్మరించకూడదు. 1971లో ఎవరి త్రాసుకూ లొంగని మూడో బలం ఒకటి ఉంది. లక్షలాదిగా తెగించిన ప్రజలు ఉన్నారు. 1758లో మన సర్కార్లలో అటువంటి బలం కనబడదు. రైతూ నేతగాడూ జమీందారుకు వేర్వేరుగా భయపడుతూ ఉన్నారు. జమీందార్లు ఒకరికొకరు భయపడుతూ ఉన్నారు. ఈ భయం మీదనే కంపెనీలు వ్యాపారం చేశాయి. ఇంకొక మాట. దీన్ని సామ్రాజ్యవాదం అని ఒక్క మాటలో తేల్చేయడం మన వ్యాసాల్లో అలవాటు. అది ఇంకా వర్తక పెట్టుబడి దశ. దోచేవాడికి అప్పుడు తన మిల్లుబట్ట అమ్ముకునే బజారు అక్కరలేదు, మన బట్ట చవకగా కావాలి. ఈ తేడా తెలియకపోతే తరవాతి వందేళ్ళలో మగ్గం ఎందుకు మూలపడిందో కూడా తెలియదు.

1763 ఫిబ్రవరిలో పారిస్‌లో సంధి జరిగింది. ఫ్రాన్సు కెనడాను వదులుకుని, పంచదార పండే గ్వాడలూప్, మార్టినిక్ దీవులను దక్కించుకుంది. ఇండియాలో యానాం వంటి వర్తకస్థలాలు తిరిగి వచ్చాయి. 1749 తరవాత సంపాదించిన రాజ్యాల మీద హక్కు పోయింది. అదే సంధిలో దక్కనుకు న్యాయమైన సుబాదారు సలాబత్‌జంగు అని రెండు రాజ్యాలూ గుర్తించాయి. అప్పటికే నిజామ్ అలీ అతన్ని గద్దె దించి బీదరు కోటలో ఖైదు చేసి ఉన్నాడు. పారిస్ పెద్దలు సుబాదారుగా ఆమోదించిన మనిషి ఆ సెప్టెంబరులో ఆ ఖైదులోనే చచ్చిపోయాడు, తమ్ముడే చంపించాడని ప్రతీతి. పద్నాలుగేళ్ళ యుద్ధం ఎవరి హక్కు పేర జరిగిందో ఆ మనిషి బతికున్నాడో లేడో అడగవలసిన పని ఎవరికీ పడలేదు.

1765లో క్లైవు మొగలు పాదుషా దగ్గర సర్కార్లకు ఫర్మానా రాయించుకున్నాడు. 1766 నవంబరులో నిజామ్ అలీతో ఒప్పందం కుదిరి, ఏటా 9 లక్షల రూపాయల కప్పం మీద అయిదు సర్కార్లు కంపెనీవయ్యాయి. గుంటూరు మాత్రం మరికొన్నేళ్ళు ఆగింది. రేవుల షరతుతో వచ్చినవాడికి ఎనిమిదేళ్ళలో ఊళ్ళు కూడా దక్కాయి. 1794 జులై 10న పేష్కషు బకాయిల తగాదాలో కంపెనీ సైన్యం పద్మనాభం దగ్గర విజయనగరం రాజును, అతని వెంట నిలిచినవాళ్ళను కాల్చి చంపింది. ఆ రాజు ఆనంద గజపతికి వారసుడుగా గద్దె ఎక్కిన చిన విజయరామరాజు.

యానాం ఫ్రెంచి జెండా కింద 1954 దాకా ఉంది, కాని గోదావరి బట్ట కొనే బేరంలో ఇంగ్లీషువాడికి సాటివచ్చే శక్తి దానికి మళ్ళీ రాలేదు. డచ్చివారి స్థావరాలు కూడా 1825 నాటికి ఇంగ్లీషువారి కిందికి వచ్చాయి. కొఠారులో తోసిపుచ్చిన తానును పట్టుకుపోవడానికి నేతగాడికి ఇంకో గుమ్మం లేకుండాపోయింది. బయానా తీసుకున్న సాలె కంపెనీకి తప్ప ఇంకెవరికీ నేయకూడదన్నారు. గడువు తప్పితే ఇంటిముందు బంట్రోతును కూర్చోబెట్టి వాడి బత్తా కూడా సాలె చేతనే ఇప్పించారు. పద్దెనిమిదో శతాబ్దం ముగిసేనాటికి గోదావరి సీమ నేతగాళ్ళు కంపెనీ గుమాస్తాల మీద తిరగబడి, మగ్గాలు ఆపి, గుంపులుగా ఊళ్ళు విడిచివెళ్ళారు. బొబ్బిలికి కథ కట్టిన జంగాలు ఆ సాలెవాడల్లో కూడా భిక్షకు తిరిగే ఉంటారు. వాళ్ళు అక్కడ విన్నదాని మీద ఎవరైనా ఒక పాట కట్టి ఉంటే అది మన చేతికి రాలేదు. అమలాపురం పక్కన బండారులంకలో నేటికీ మగ్గాలు ఆడుతున్నాయి. బెండమూర్లంకలో కంపెనీ కొఠారు ఎక్కడ ఉండేదని అడిగే నవలాకారుడి కోసం ఆ ఊరు ఇంకా అక్కడే ఉంది.